గ్రాములు ఒకటే, ట్రిగ్గర్ తీరు వేరు

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. నీ ఎయిర్ రైఫిలూ, క్లబ్బు వాళ్ళిచ్చిన పాయింట్ 22 రైఫిలూ ట్రిగ్గర్ లాగడానికి పట్టే బరువు కొలిచే గేజ్ మీద రెండూ 100 గ్రాములే చూపిస్తున్నాయి, అయినా రెండోదాని ట్రిగ్గర్ మొద్దుగా ఉందంటున్నావు. గేజూ తప్పు కాదు, నీ వేలూ తప్పు కాదు. గేజ్ చెప్పేది మొత్తం బరువు. వేలికి తెలిసేది ఆ బరువు ఎక్కడెంత పంచి ఉందో.

ఫస్ట్ స్టేజ్‌కి, అంటే అడ్డు తగిలేదాకా లాగడానికి 70 గ్రాములు, పైన సెకండ్ స్టేజ్‌కి, అంటే అడ్డు దాటి పేలడానికి 30 పడితే అడ్డు ఎక్కడ తగిలిందో తెలిసీ తెలియనట్టుంటుంది, అనుకోకుండా పేలిపోతుంది. అదే 40, 60 అయితే అడ్డు గట్టిగా తగులుతుంది గానీ దాన్ని దాటడానికి వేలు తటపటాయిస్తుంది. ముందు దీన్ని కొలువు. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, కాక్ చేసి (పేలడానికి సిద్ధంగా స్ప్రింగు బిగించి), మూతి పైకి నిలబెట్టి, వేలు ఆనే ట్రిగ్గర్ బ్లేడుకి కొక్కెంతో చిన్న తూకపు రాళ్ళు ఒక్కొక్కటే తగిలించు. ట్రిగ్గర్ అడ్డు దాకా వచ్చి ఆగిన బరువు ఫస్ట్ స్టేజ్‌ది. టక్కుమని తెగిన బరువు మొత్తం. కొక్కెం మాత్రం ప్రతిసారీ వేలు ఆనే చోటే ఉండాలి. ఇరుసుకి దగ్గరైతే బరువు ఎక్కువ చూపిస్తుంది, కిందికి జారితే తక్కువ చూపిస్తుంది.

ఇక మొద్దుతనం. అసలు సంగతంతా ఇక్కడే ఉంది. గాలి సిలిండర్ ఉన్న మ్యాచ్ ఎయిర్ రైఫిల్‌లో సియర్, అంటే ట్రిగ్గర్ లాగేదాకా స్ప్రింగుని ఆపే ముక్క, పట్టి ఉంచేది చిన్న సుత్తి స్ప్రింగునే. పాయింట్ 22లో తూటా అడుగు అంచుని నలగ్గొట్టి పేల్చేంత గట్టి స్ప్రింగు కావాలి, అందుకని మధ్యలో మీటలు పెట్టి బరువు తగ్గిస్తారు. ఆ మీటలు కలిసే ప్రతిచోటా రాపిడి. మామూలు స్ప్రింగు పిస్టన్ ఎయిర్‌గన్‌లో మెయిన్ స్ప్రింగు బలమంతా సియర్ మీదే పడుతుంది. దాన్ని 100 గ్రాములకి దించాలని చూడకు, ప్రమాదం.

క్లబ్బు రైఫిల్‌కి ఆన్‌షుట్జ్ కంపెనీ ట్రిగ్గర్ ఉంటే మోడల్ నంబరు చూడు. 5018 రెండు స్టేజీలది, 5020 ఒకే స్టేజ్‌ది. రెండోదానిలో అడ్డు కోసం వెతికితే దొరకదు, అలవాటు మార్చుకోవాల్సిందే.

అడ్డు దాటాక ఇసుకలో ఈడ్చినట్టుంటే సియర్ పట్టు ఎక్కువైంది. వేయించిన అప్పడం విరిగినట్టు టక్కున తెగాలి. క్లబ్బు ఆర్మరర్‌ని (తుపాకులు బాగుచేసేవాణ్ణి) పక్కన పెట్టుకుని, సియర్ పట్టు స్క్రూ ఇప్పుడెక్కడుందో రాసుకుని, పావు చుట్టు కన్నా తక్కువ తిప్పు. ఒకేసారి రెండు స్క్రూలు ముట్టుకోకు, ఏది ఏం మార్చిందో తెలియదు. తిప్పిన ప్రతిసారీ ఖాళీ రైఫిల్ బోల్టు గట్టిగా పదిసార్లు వేసి చూడు. రబ్బరు మ్యాట్ మీద బట్‌ని, అంటే రైఫిల్ వెనక కొసని, మెల్లగా తట్టు. ఒక్కసారి టక్కుమన్నా పట్టు చాల్లేదు, వెనక్కి తిప్పు. ఈ పరీక్ష దాటకుండా తూటా పెట్టకు. నా మీద ఒట్టు.

ట్రిగ్గర్ స్టాప్‌ని, అంటే తెగాక బ్లేడుని ఆపే స్క్రూని, చాలామంది పట్టించుకోరు. తెగాక బ్లేడు ఇంకా వెనక్కి పోతే తూటా గొట్టంలో ఉండగానే వేలు రైఫిల్‌ని కదిలిస్తుంది. అలాగని మరీ బిగిస్తే ఒక్కోసారి తెగదు. తెగిన చోటికి తెచ్చి, కాస్త వదులు చెయ్యి.

బ్లేడు దూరం కూడా చూడు. వేలి మొదటి కణుపు మెత్త మధ్యలో ఆని, తిన్నగా వెనక్కి రావాలి. బ్లేడు దూరమైతే వేలి కొస పక్కకి నెడుతుంది, అప్పుడు 60 గ్రాములైనా బరువే అనిపిస్తుంది. నీకున్న జబ్బు ఇదేనేమో అని నా అనుమానం, ఎందుకంటే ఆ రైఫిల్ నీకన్నా పొడుగువాడికి సరిచేసి ఉంటుంది.

సియర్‌కి నూనె వెయ్యకు. మన ఎండాకాలం దుమ్ము దానికి అంటి జిగురవుతుంది.

నిబంధనల గురించి బెంగ వద్దు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కీ, 50 మీటర్ల రైఫిల్‌కీ ట్రిగ్గర్‌కి కనీస బరువు లేదు. 500 గ్రాములు ఎయిర్ పిస్టల్‌కి, 1500 గ్రాములు 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కి.

ఆదివారం లోపు రెండింటి ఫస్ట్ స్టేజ్, మొత్తం బరువులు కొలిచి రాయి. బ్లేడు దూరం కూడా మిల్లీమీటర్లలో రాయి. స్క్రూ సంగతి అవి చూశాకే.

నీ
ప్రసాద్