ఇళ్లు నిలిచిన నేలను మెట్ట పొలంగా చూపుతున్న రికార్డును సరిచేయండి: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో కర్నూలు నగరవాసి ఒకరు రాసుకుంటున్న విన్నపం.

అయ్యా, కేసీ కాలువ దాటాక ఉన్న మా కాలనీలో 1993లో మా నాన్నగారు ఐదు సెంట్ల స్థలం, అంటే 242 చదరపు గజాలు, రిజిస్టర్డ్ దస్తావేజుతో కొని, బేతంచెర్ల బండలు పరిచి రెండు గదుల ఇల్లు కట్టారు. అప్పటికి అది పంచాయతీ పరిధిలో ఉండేది, తరువాత నగరపాలక సంస్థలో కలిసింది. ఇప్పుడు మా మూడు వీధుల్లోనూ సిమెంటు రోడ్లు, మురుగు కాలువలు, కరెంటు స్తంభాలు, ఇంటింటికీ కుళాయిలు ఉన్నాయి. ఈ నేలలో నాగలి సాగి ముప్పై ఏళ్లు దాటింది.

రెండేళ్ల కిందట మేడ మీద మా అమ్మాయికి రెండు గదులు వేద్దామని గృహరుణానికి వెళితే, బ్యాంకు వకీలు అడంగల్ (ఏ నేల ఎవరి పేరున ఉందో, ఎలాంటిదో చూపే రెవెన్యూ రికార్డు) నకలు తెమ్మన్నారు. తెచ్చి చూసుకుంటే భూమి స్వభావం అన్న గడిలో ‘మెట్ట’ అనీ, నీటి ఆధారం అన్న గడిలో ‘వర్షాధారం’ అనీ ఉంది. పట్టాదారు, అనుభవదారు గడులు రెండింటిలోనూ మా నాన్నగారికీ చుట్టుపక్కల వారికీ ప్లాట్లు అమ్మిన రైతు పేరే ఉంది. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. పటంలోనైతే మా మూడు వీధులూ కలిపి ఒకే నంబరు కింద ఒకే కమతంగా గీసి ఉన్నాయి. రుణం ఆగిపోయింది, గదులు పిల్లర్ల దగ్గరే నిలిచిపోయాయి.

మా తులసికోట వెనుక, ప్రహరీ మూలన, బాణం గుర్తు చెక్కిన పాత సర్వే రాయి ఇప్పటికీ ఉంది. గోడకు అడ్డంగా ఉందని మేస్త్రీ దాన్ని పీకబోతే, సర్కారు రాయిని కదిలించకూడదని నాన్నగారు గోడనే జానెడు లోపలికి జరిపించారు. నా అర్జీ మీద వచ్చిన సర్వేయరు ఆ రాయి దగ్గర నిలబడి కొలిచి, పాత ఎఫ్ఎంబీతో, అంటే సర్వే నంబరు హద్దుల కొలతల పుస్తకంతో, సరిగ్గా సరిపోయిందని చెప్పారు. అయితే రాయి చుట్టూ ఉన్నది ఇల్లని రాయడానికి తనకు అధికారం లేదని కూడా అన్నారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, నాకు ఆయన మీద ఫిర్యాదు లేదు. కొలత తప్పు కానప్పుడు, ఉన్నది ఉన్నట్టు రాసే అధికారం ఎవరి దగ్గర ఉందో చెప్పేవారు కార్యాలయంలో దొరకకపోవడమే నా బాధ.

భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టుకుని రుసుము కట్టమని అక్కడ సలహా ఇచ్చారు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చుకునే చట్టం వచ్చింది 2006లో. మా గృహప్రవేశం అంతకు పన్నెండేళ్ల ముందు జరిగింది. నేను ఇప్పుడు మారుస్తున్నదేమీ లేదు. ఎప్పుడో మారిపోయిన నేలను మీ రికార్డు ఇంకా గుర్తించలేదు, అంతే.

ఇదే స్థలానికి నగరపాలక సంస్థ 2021 నుంచి మూలధన విలువ (స్థలం, కట్టడాల విలువ) లెక్కన ఆస్తిపన్ను వేస్తోంది, నేను ఏటా కడుతున్నాను. రిజిస్ట్రేషన్ శాఖ దీని విలువను చదరపు గజాల్లో కడుతోంది. రెవెన్యూ శాఖ మాత్రం ఎకరాలు, సెంట్ల లెక్కన పొలంగానే చూస్తోంది. ఒక ప్రభుత్వపు మూడు శాఖలు ఒక నేల గురించి ఒక్క మాట చెప్పలేకపోతే, తేడా వచ్చిన ప్రతిసారీ రుజువు చూపాల్సిన భారం ఇంటివాడి మీదే పడుతోంది. 1971 నాటి పట్టాదారు పాసు పుస్తకాల చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, తప్పని రుజువయ్యేదాకా రికార్డులో రాసి ఉన్నదే నిజమని భావించాలి. అందువల్ల ఆ గడిలోని ‘మెట్ట’ అన్న రెండక్షరాల ముందు, నా చేతిలోని దస్తావేజు, ముప్పై ఏళ్ల పన్ను రసీదులు, కరెంటు బిల్లులు నిలవడం లేదు.

దీని మూలం కూడా మీ దృష్టికి తేవాలి. ఆనాడు రైతు సర్వే నంబరును ప్లాట్లుగా అమ్మినప్పుడు ప్రతి దస్తావేజూ రిజిస్టరైంది కానీ, రికార్డులో ఆ నంబరును ప్లాట్లవారీగా విడగొట్టి (సబ్ డివిజన్ చేసి), కొన్నవారి పేర్లు ఎక్కించే పని జరగలేదు. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో రీసర్వే మొదలై, డ్రోన్లు, రోవర్లతో (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరాలతో) అంగుళాల తేడా కూడా పట్టుకోగల కొలతలు వస్తున్నా, ఆ కొలతను పాత అడంగల్‌లోని పేరుకే ముడివేస్తే పాత తప్పు కొత్త పటంలోకి మరింత గట్టిగా ఎక్కుతుంది. ఆ రైతు వారసులు మంచివాళ్లు, మా ఇళ్ల జోలికి రాలేదు. కానీ రికార్డు ఇలాగే ఉంటే, రేపు ఎవరైనా దాన్ని చూపి పాసు పుస్తకం అడిగినా, మళ్లీ అమ్మబోయినా, కోర్టుల చుట్టూ తిరగాల్సింది మేమే.

కాబట్టి నా కోరిక ఇది. నగరపాలక సంస్థలు, పురపాలక సంఘాల పరిధిలో ఇంకా మెట్ట, మాగాణి అని నమోదై ఉన్న సర్వే నంబర్లను ఆస్తిపన్ను జాబితాతో సరిపోల్చి, ఇళ్లున్న చోట ఆ నమోదును ప్రభుత్వమే స్వయంగా మార్చాలి. ప్రతి ఇంటివారూ విడివిడిగా అర్జీ పెట్టి, విడివిడిగా రుసుము కట్టే పద్ధతి వద్దు. మార్చే ముందు దస్తావేజు ఉన్న ప్రతి ఒక్కరికీ లిఖితపూర్వకంగా నోటీసు ఇచ్చి, పాత పట్టాదారు వారసులనూ పిలిచి, అందరి ఎదుట వీధిలోనే విచారణ జరిపించండి. 2025 ఫిబ్రవరిలో కేంద్రం దేశవ్యాప్తంగా 152 పట్టణాల్లో మొదలుపెట్టిన ‘నక్ష’ అనే పట్టణ భూముల సర్వే మన రాష్ట్రంలో ఎక్కడ జరిగినా, అక్కడి కొత్త పటం ఖరారయ్యే ముందే అడంగల్‌లోని పాత పేర్లను తేల్చేలా ఆదేశాలివ్వండి.

విచారణకు ఎవరు వచ్చినా దస్తావేజు, పన్ను రసీదులతో నేను గేటు దగ్గరే ఉంటాను. సర్వే రాయి ఎక్కడుందో నేనే చూపిస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు,
కర్నూలు నగరంలోని ఒక ఇంటి యజమాని