నిల్వలు అయిపోయిన తరువాతి కథ: ప్రళయానంతర నవలల అల్మరా గురించి మా పాఠకులకు

నాగరికత కూలిపోయాక మిగిలినవారు ఎలా బతికారో చెప్పే నవలల కోసం మా దుకాణంలో ఒక అల్మరా ప్రత్యేకంగా ఉన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. ఈ నెలలో ఆ అల్మరాను సర్దే పద్ధతి మార్చాము. ఎందుకు మార్చామో, ఇకపై ఈ కోవలో ఏ పుస్తకాలను ముందుగా మీ చేతికి ఇస్తామో, ఏవి అడిగినా కొంచెం ఆలోచించి తీసుకోమని చెబుతామో దాపరికం లేకుండా వివరించడానికే ఈ లేఖ రాస్తున్నాము.

నీటిని శుద్ధి చేసుకోవడం, గాయాలకు కట్టు కట్టడం, విత్తనాలు దాచుకోవడం వంటివి నేర్పే పుస్తకాలు ఇకపై నవలల పక్కన ఉండవు. వాటికి వేరే చోటు ఇచ్చాము. నవల చదివి ప్రథమ చికిత్స నేర్చుకోవాలనుకోవడం ప్రమాదం, ప్రథమ చికిత్స నేర్పలేదని నవలను తప్పుపట్టడం అన్యాయం. అలాగే పది పన్నెండు భాగాలుగా సాగే మనుగడ నవలల్లో మొదటి భాగాన్ని మాత్రమే అల్మరాలో ఉంచి, మిగిలినవి మీరు కోరితే తెప్పిస్తాము. మొత్తం సెట్టు అమ్మితే మాకు మిగిలేది ఎక్కువన్న మాట నిజమే. కానీ వాటిలో చాలావాటికి రెండో భాగం నుంచి శత్రువుల సంఖ్య, ఆయుధాల పేర్లు పెరగడం తప్ప కొత్త ప్రశ్న ఉండదు. మొదటి భాగం నచ్చి మీరే మళ్లీ వచ్చి అడగడం మాకు ఎక్కువ సంతోషం.

ఈ రకం నవలలో మొదటి వారం రాయడం సులువు. కరెంటు పోతుంది, ఫోన్లు మూగబోతాయి, దుకాణాలు ఖాళీ అవుతాయి, రోడ్లు వాహనాలతో నిండిపోతాయి. పాఠకుడు ఊపిరి బిగబట్టడానికి అది చాలు. రెండో సంవత్సరం రాయడమే కష్టం. డబ్బాల్లో ఆహారం అయిపోయాక, మందులకు గడువు దాటిపోయాక, అగ్గిపుల్లలు లెక్కపెట్టుకోవలసి వచ్చాక, చదువు దేనికని పిల్లలు అడగడం మొదలుపెట్టాక రచయితకు మనిషి గురించి ఎంత తెలుసో బయటపడుతుంది. ఒక నవలను మీకు సిఫారసు చేసే ముందు మేము చూసేది ఆ రెండో సంవత్సరాన్నే.

ఆ కొలతతో చూస్తే మా దృష్టిలో మొదటి స్థానం జార్జ్ ఆర్. స్టివార్ట్ 1949లో ప్రచురించిన 'ఎర్త్ అబైడ్స్' నవలది. ఇషర్‌వుడ్ విలియమ్స్ అనే యువ పరిశోధకుడు కొండల్లో ఒంటరిగా ఉన్నప్పుడు పాము కాటుకు గురై, కోలుకుని కిందికి వచ్చేసరికి ఒక అంటువ్యాధి దాదాపు అందరినీ తుడిచిపెట్టి ఉంటుంది. ఇక్కడ తుపాకుల పోరాటాలు ఎక్కువగా కనిపించవు. మనిషి తప్పుకున్నాక చీమలు, ఎలుకలు, కుక్కలు, పశువులు, పొలాలు, వీధి దీపాలు, నీటి గొట్టాలు ఒక్కొక్కటీ ఏమవుతాయో స్టివార్ట్ మధ్యమధ్యలో విడిగా, ఎంతో నిదానంగా చెబుతాడు. చీమలు విపరీతంగా పెరిగి తగ్గిపోతాయి, ఆ తరువాత ఎలుకల వంతు వస్తుంది. ప్రకృతి తన లెక్కలను తిరిగి సరిచేసుకోవడం ఇంత ఓపికగా చెప్పిన నవల ఈ అల్మరాలో మరొకటి లేదు.

అసలు బరువంతా నవల రెండో సగంలో ఉంది. విలియమ్స్ చుట్టూ ఒక చిన్న సమూహం ఏర్పడుతుంది. ప్రతి ఏడాది చివర ఒక బండమీద ఆ సంవత్సరం అంకెను చెక్కి, దానికి ఒక పేరు పెట్టుకుంటారు. డబ్బాల ఆహారం ఇంకా దొరుకుతూనే ఉంటుంది, కుళాయిల్లో నీరు చాలా ఏళ్లు వస్తూనే ఉంటుంది. అందువల్లనే ఎవరూ ఏదీ నేర్చుకోరు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం చెక్కుచెదరకుండా అక్కడే ఉంటుంది, దానిని చదవగలిగే పిల్లలు మాత్రం కరువవుతారు. నాగరికతను అప్పగించాలని తపించిన ఆ మనిషి చివరకు పిల్లలకు విల్లు, బాణం చేయడం నేర్పుతాడు. పాత నాణేలను సాగగొట్టి వారు బాణపు ములుకులు చేసుకునే భాగం చదివినప్పుడు అది ఓటమో గెలుపో తేల్చుకోలేక మేము చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాము. నెమ్మదిగా సాగే నవల ఇది. మొదటి వంద పేజీల్లో వేగం లేదని వదిలేయవద్దని మా విన్నపం.

వేగం కూడా కావాలనుకునేవారికి పాట్ ఫ్రాంక్ 1959లో రాసిన 'అలాస్, బాబిలోన్' సరిగ్గా సరిపోతుంది. అణుయుద్ధం జరిగాక ఫ్లోరిడాలోని ఒక చిన్న కల్పిత ఊరు ఎలా నిలదొక్కుకుందో చెప్పే ఈ కథలో మాకు బాగా నచ్చినది రచయిత ఎంచుకున్న చిన్న వస్తువులు. డబ్బు విలువ ఒక్కసారిగా పోతుంది. ఉప్పు అయిపోతుంది, మాంసం నిల్వ చేసుకోవాలన్నా, ఒంట్లో సత్తువ ఉండాలన్నా ఉప్పు లేనిదే కుదరదని అందరికీ అప్పుడు తెలిసివస్తుంది. అంతవరకు పెద్దగా ఎవరూ తొంగిచూడని ఊరి గ్రంథాలయం జనంతో కళకళలాడుతుంది. స్త్రీల గురించి, నల్లజాతివారి గురించి కథనం మాట్లాడే తీరులో ఆనాటి పరిమితులు స్పష్టంగా కనబడతాయి. అది తెలిసి చదవడం మంచిది.

అదే నవలలో రిఫ్రిజిరేటర్లు ఆగిపోవడంతో ఇన్సులిన్ పాడై ఒక మధుమేహ రోగి చనిపోతుంది. అర్ధశతాబ్దం తరువాత, 2009లో, విలియం ఫోర్ష్టెన్ రాసిన 'వన్ సెకండ్ ఆఫ్టర్'లో ఆ సమస్యే కథకు గుండెకాయ అయింది. అణుబాంబు పేలుడు నుంచి వెలువడే విద్యుదయస్కాంత తరంగం వల్ల కరెంటుతో నడిచేవన్నీ ఒక్క క్షణంలో ఆగిపోతాయి, కథానాయకుడి చిన్న కూతురికి ఇన్సులిన్ లేనిదే బతకలేని టైప్ 1 మధుమేహం ఉంటుంది. ఇన్సులిన్‌ను మనిషికి మొదటిసారి చికిత్సగా ఇచ్చింది 1922లో. అంతకుముందు ఆ వ్యాధి వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. ఒక తండ్రి సీసాలు లెక్కపెట్టుకుంటున్నప్పుడు ఆ చరిత్ర అంతా మనకు గుర్తుకు వస్తుంది. వాక్యం విషయంలో ఇది గొప్ప నవల కాదు, ఉపన్యాసాలు ఎక్కువ; అయినా ఆ ఒక్క కథాంశం కోసం అల్మరాలో ఉంచుతాము. ఇంట్లో ఆ వ్యాధి ఉన్న పిల్లలున్నవారు మనసు సిద్ధం చేసుకుని చదవాలి.

ఇక మార్లెన్ హౌస్‌హోఫర్ 1963లో జర్మన్‌లో రాసిన నవల. ఇంగ్లీషులో 'ది వాల్' పేరుతో దొరుకుతుంది. అడిగేవారు తక్కువైనా మా దగ్గర ఎప్పుడూ ఉండే పుస్తకం ఇది. ఆల్ప్స్ కొండల్లోని వేటగాళ్ల బసకు వెళ్లిన ఒక మధ్యవయస్కురాలు తెల్లవారి లేచేసరికి కంటికి కనబడని గోడ ఒకటి ఆమెను లోకం నుంచి వేరు చేసి ఉంటుంది. గోడకు అవతల ప్రాణమున్నదేదీ కదలదు. ఆమెకు మిగిలింది ఒక కుక్క, ఒక ఆవు, ఒక పిల్లి. కొన్ని బంగాళాదుంపలు, చిక్కుడు గింజలు, తుపాకి, అగ్గిపెట్టెలు కూడా ఉంటాయి. గడ్డి కోయడం, కట్టెలు కొట్టడం, ఆవు ఈనేటప్పుడు పక్కన నిలబడడం, వేటాడడం అసహ్యమైనా వేటాడడం, ఇవే ఈ నవలలో జరిగేవి. అధ్యాయాల విభజన కూడా లేదు. కానీ మనుగడ అంటే ప్రతిరోజూ చేసి తీరవలసిన పని అని, ఆ పనిని చేయించేది ఎక్కువగా మన మీద ఆధారపడిన ప్రాణుల ఆకలి అని ఈమె చెప్పినంత నిజాయితీగా ఆయుధాలు నిండిన ఏ నవలా చెప్పలేదని మా నమ్మకం. కుక్కకు ఏమవుతుందో రచయిత్రి మొదట్లోనే చెప్పేస్తుంది. అది తెలిసి కూడా చివరి పేజీలు తట్టుకోవడం కష్టం.

పుస్తకాలు అమ్మేవారిగా మా మనసు లాగేది ఈ నవలల్లో పుస్తకాలకు పట్టిన గతి. జాక్ లండన్ 1912లో ప్రచురించిన 'ది స్కార్లెట్ ప్లేగ్'లో 2013లో వచ్చిన ఒక మహమ్మారి గురించి 2073లో ఒక ముసలి ప్రొఫెసర్ తన మనవలకు చెబుతుంటాడు. అతని మాటల్లో సగం వాళ్లకు అర్థం కావు, వెక్కిరిస్తారు కూడా. ఆయన మాత్రం ఎప్పటికైనా ఎవరైనా చదవకపోతారా అని ఒక గుహలో పుస్తకాలను, వాటితోపాటు అక్షరాలు నేర్చుకునే విధానాన్ని దాచి ఉంచుతాడు. చిన్న పుస్తకం, ఒక సాయంత్రంలో పూర్తవుతుంది. ల్యారీ నివెన్, జెర్రీ పోర్నెల్ కలిసి 1977లో రాసిన 'లూసిఫర్స్ హ్యామర్'లో తోకచుక్క ఢీకొట్టే ముందు ఒక శాస్త్రవేత్త తన పుస్తకాలను ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి సెప్టిక్ ట్యాంకులో దాస్తాడు. ఆ నవలలో మాకు నచ్చనివి చాలా ఉన్నాయి, ఆ ఘట్టం మాత్రం మరువలేనిది.

ఈ వరుసలో శిఖరం వాల్టర్ మిల్లర్ నవల 'ఎ కాంటికల్ ఫర్ లీబోవిట్జ్'. అణుయుద్ధం తరువాత చదువుకున్నవారిని, పుస్తకాలను జనమే వెంటాడి నాశనం చేసిన లోకంలో, ఒక మఠంలోని సన్యాసులు మిగిలిన కాగితాలను అర్థం తెలియకపోయినా తరతరాలుగా నకలు రాస్తూ ఉంటారు. విద్యుత్ పరికరం నమూనా చిత్రాన్ని ఒక యువ సన్యాసి ఏళ్లతరబడి బంగారు రంగులతో అలంకరించే భాగంలో ఎంత అమాయకత్వం ఉందో అంత భక్తి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944లో, ఇటలీలోని మోంటే కాసినో మఠంపై జరిగిన బాంబు దాడిలో మిల్లర్ స్వయంగా విమాన సిబ్బందిలో ఒకడు. తాను కూల్చడంలో పాలుపంచుకున్న దానిని కాగితం మీద తిరిగి కట్టాడేమో అనిపిస్తుంది. ఈ నవలకు 1961లో, సైన్స్ ఫిక్షన్ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. మధ్యలో లాటిన్ వాక్యాలు వస్తాయి. అవి అర్థం కాకపోయినా కథ ఆగదు.

కార్మక్ మెకార్తీ 'ది రోడ్' (2006) అడగకుండానే అందరికీ తెలిసినది కనుక ఒక్క విషయమే చెబుతాము. అందులో తండ్రీకొడుకులకు ఎవరో ముందుచూపుతో నిర్మించుకున్న నేలమాళిగ దొరుకుతుంది. నిండా ఆహారం, దుప్పట్లు, మంచాలు. దాచుకున్నవారు మాత్రం లేరు. ఎవరైనా కనిపెడతారన్న భయంతో వీరు కూడా దానిని వదిలి వెళ్లక తప్పదు. నిల్వలే రక్ష అనుకునే నవలలు వరుసగా చదువుతున్నవారు ఆ కొద్ది పేజీలను తప్పక చదవాలి. మనసు బాగా లేని రోజుల్లో మాత్రం ఈ పుస్తకం వద్దు. అలాంటప్పుడు అడిగితే మేమే మరొకటి తీసి ఇస్తాము.

జాన్ క్రిస్టఫర్ 'ది డెత్ ఆఫ్ గ్రాస్' (1956) గురించి క్లుప్తంగా: ఒక వైరస్ మొదట వరిని, ఆపై గోధుమ సహా గడ్డిజాతి పంటలన్నిటినీ చంపేస్తుంది. లండన్ నుంచి అన్న పొలానికి బయలుదేరిన ఒక మర్యాదస్తుల కుటుంబం దారిలోనే హంతకుల గుంపుగా మారిపోతుంది. అంత త్వరగా మారగలమా అన్న ప్రశ్న వెంటాడుతుంది.

ప్రళయం ఒక్క రోజున రానవసరం లేదని నమ్మేవారికి ఆక్టేవియా బట్లర్ 'పేరబుల్ ఆఫ్ ది సోవర్' ఇస్తాము. 1993లో వచ్చిన ఈ నవల 2024 జులైలో మొదలవుతుంది. నీటి కొరత, నిరుద్యోగం, నిప్పు పెట్టేవారి మూకలు, డబ్బు తీసుకునే పోలీసులు, ఇవన్నీ కొంచెం కొంచెంగా లోకాన్ని తినేస్తుంటే ఒక పదిహేనేళ్ల అమ్మాయి మొక్కల గురించి, మనుగడ గురించి చదువుకుంటూ సంచి సర్దుకుని ఉంచుకుంటుంది. తరువాత ఆమెను కాపాడేది సంచి కంటే దారిలో కూడగట్టుకున్న మనుషులే. దీని తరువాత వౌబ్‌గెషిగ్ రైస్ 'మూన్ ఆఫ్ ది క్రస్టెడ్ స్నో' (2018) చదవమని గట్టిగా చెబుతాము. ఉత్తర కెనడాలోని ఒక అనిషినాబే ఆదివాసీ సమాజంలో చలికాలం ముంగిట కరెంటు, ఫోన్లు ఆగిపోతాయి. అక్కడి ఒక పెద్దావిడ తమ ప్రజల లోకం ఇంతకుముందే అంతమైందని, ఒకసారి కాదు, పలుమార్లు అంతమైందని అంటుంది. ఈ కోవ నవలలన్నిటినీ ఆ మాట తరువాత మరోలా చదువుతాము.

సాంకేతిక వివరాల్లో పొరపాట్లు వెతికే పాఠకులు మాకు చాలామంది ఉన్నారు, వారి పట్టింపు సరైనదే. పెట్రోలు ఏళ్లతరబడి నిల్వ ఉండదు. పదేళ్ల తరువాత కూడా పాత బంకుల్లో నింపుకుని కార్లు పరుగెత్తించే నవలల మీద నమ్మకం సడలడం సహజం. ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ 'స్టేషన్ ఎలెవెన్' (2014)లో ఇంజన్లు తీసేసిన ట్రక్కులను గుర్రాలు లాగుతాయి. షేక్స్‌పియర్ నాటకాలు ఆడుతూ ఊరూరా తిరిగే బృందం కథ అది. ఈ అల్మరాకు కొత్తగా వచ్చినవారికి మేము మొట్టమొదట ఇచ్చే పుస్తకం అదే.

మేరీ షెల్లీ 1826లో రాసిన 'ది లాస్ట్ మ్యాన్' కూడా తెప్పించాము. చరిత్ర కోసం చదవదగినదే గాని, అంటువ్యాధి కథలోకి రావడానికే చాలా పేజీలు పడుతుంది. మిగిలినవి చదివాక తీసుకోండి.

'ఎర్త్ అబైడ్స్', 'ది వాల్' ప్రతులు ప్రస్తుతం తక్కువగా ఉన్నాయి, కొత్తవి తెప్పిస్తున్నాము. కావలసినవారు ముందుగా పేరు చెబితే పక్కన పెడతాము. పదహారేళ్ల లోపు పిల్లలకు కొనే తల్లిదండ్రులు 'ది రోడ్', 'లూసిఫర్స్ హ్యామర్', 'పేరబుల్ ఆఫ్ ది సోవర్' తీసుకునే ముందు మాతో ఒక మాట మాట్లాడండి. వాటిలో నరమాంస భక్షణ గాని, లైంగిక హింస గాని ఉంది. వారికి 'అలాస్, బాబిలోన్' గాని, 'ది స్కార్లెట్ ప్లేగ్' గాని ఇవ్వవచ్చు. రెండో సంవత్సరాన్ని బాగా రాసిన నవల మరేదైనా మీరు చదివి ఉంటే దాని పేరు మాకు చెప్పండి. మేము చదివి, నచ్చితే తెప్పిస్తాము.