మందు ఎందుకు ఆపారో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

యాంటీబయాటిక్స్ పనిచేయకుండా పోతున్నాయని వార్త వచ్చిన ప్రతిసారీ, మందులు మధ్యలో మానేస్తున్నారంటూ తప్పంతా రోగి మీదకు నెట్టే మాట ఒకటి కనిపిస్తుంది. అమెరికా ఆసుపత్రుల చార్టులు, అంటే రోగుల వైద్య రికార్డులు చదివి, అందులోని జబ్బులకు బిల్లుల కోసం, లెక్కల కోసం కోడ్లు వేయడం నా ఉద్యోగం. ఎవరు మానేశారో, ఎందుకు మానేశారో నమోదు చేయడానికి అక్కడ ప్రత్యేకంగా కోడ్లున్నాయి. వాటిని వాడదామంటే చార్టులో కారణమే ఉండదు.

2015 అక్టోబర్ 1 నుంచి అక్కడ ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్ల జాబితా అమల్లో ఉంది. అందులో టి36 వరస అంతా యాంటీబయాటిక్స్‌ది. పెన్సిలిన్లకు టి36.0, సెఫలోస్పోరిన్లకు టి36.1, అజిత్రోమైసిన్ లాంటివాటికి టి36.3. (టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఇక్కడ ఉంటే, దాని జంట ఐసోనియాజిడ్ పక్కనున్న టి37లో ఉంటుంది. కొత్తవాళ్లు తికమకపడటానికి ఇదొక్కటి చాలు.) మందు ఏదో తేలాక చూడాల్సింది ఆరో స్థానంలోని అంకె. పొరపాటున వేరే మందు మింగినా, మోతాదు మించినా 1. తనకు తాను హాని చేసుకోవాలని మింగితే 2. డాక్టర్ చెప్పినట్టే వాడినా పడకపోతే 5. చెప్పినదానికన్నా తక్కువ వాడినా, తనంతట తానే ఆపేసినా 6. తక్కువ వాడటం అనే ఈ ఖాతా అంతకుముందున్న ఐసీడీ-9లో అసలు లేదు.

ఒక్క అమాక్సిసిలిన్‌నే తీసుకోండి. చెప్పినట్టే వేసుకున్న మనిషికి ఒళ్లంతా దద్దుర్లు వస్తే, ముందు దద్దుర్ల కోడ్ వేసి, దాని వెనుక 5తో మందు కోడ్ వేస్తాం. పెద్దవాళ్లు చూడనప్పుడు పిల్లాడు సిరప్ సీసా ఎత్తి తాగేసి వాంతులు చేసుకుంటే వరస తిరగబడుతుంది. 1తో మందు కోడ్ ముందు, వాంతులు తర్వాత. ఇంకొకాయన న్యుమోనియాకు రాసిచ్చిన మాత్రలు నాలుగో రోజున ఆపేసి, మళ్లీ జ్వరంతో అడ్మిట్ అయ్యాడనుకుందాం. ఇక్కడ న్యుమోనియా ముందు, 6తో మందు కోడ్ ఆ తర్వాత. 6 ఉన్న కోడ్‌ను ఎప్పుడూ మొదట వేయకూడదు. దానికి తోడుగా కారణం చెప్పే కోడ్ మరొకటి ఉంటుంది. డబ్బుల్లేక ఆపితే జెడ్91.120, వయసు మీదపడి సరిగ్గా వాడుకోలేకపోతే జెడ్91.130.

ఇంత వివరంగా చోటు పెడితే, చార్టులో మాకు దొరికేది చాలాసార్లు ఒక్క ముక్క: ‘పేషెంట్ నాన్ కంప్లయంట్’, అంటే రోగి చెప్పినట్టు వినలేదని. ఏ మందు ఆపారు, ఎన్నాళ్లు వాడారు, ఎందుకు ఆపారు, ఏమీ ఉండదు. ఎక్కడో నర్సు నోటులో ఇన్సూరెన్స్ పోయిందని కనిపించినా, అందుకే మందు ఆపాడని ముడిపెట్టే అధికారం నాకు లేదు. కోడర్ ఊహించి రాయకూడదు, డాక్టర్‌కు క్వెరీ, అంటే వివరణ అడుగుతూ ప్రశ్న పంపాలి. అదీ జవాబు మనమే అందించినట్టు కాకుండా అడగాలి. ఒకపక్క ఇన్ని చార్టులు పూర్తిచేయాలన్న ప్రొడక్షన్ టార్గెట్ టెన్షన్, మరోపక్క బిల్లును ప్రధానంగా నడిపేది మొదటి కోడే. ఇక 6 కోసం ఎవరు ఆగుతారు? ఫైలు ముందుకు వెళ్లిపోతుంది, మందు కొనలేని మనిషి లెక్కల్లో మొండివాడిగా మిగిలిపోతాడు. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వాడాలన్న చర్చ డాక్టర్లది, అందులో నేను తల దూర్చను. కానీ కొనలేక ఆపినవాళ్లెందరో తెలియకుండా ‘కోర్సు పూర్తి చేయండి’ అని పోస్టర్లు అంటిస్తే ఏం లాభం?

5 దగ్గరా ఇలాంటి నిర్లక్ష్యమే ఉంది. మందు వేసుకుంటే కడుపులో తిప్పిందని చెప్పినా చార్టులో ‘పెన్సిలిన్ అలర్జీ’ అని పడిపోతుంది. ఇక ఆ ముద్ర ఏళ్లతరబడి రోగి వెంట తిరుగుతుంది. అమెరికాలో దాదాపు 10 శాతం మంది తమకు పెన్సిలిన్ పడదని చెబుతారని, నిజంగా పడనివాళ్లు 1 శాతం కూడా ఉండరని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీయే అంటోంది. మిగతావాళ్లకు మామూలు పెన్సిలిన్ సరిపోయే చోట కూడా ఇంకా పెద్ద మందు రాస్తారు. ఏం జరిగిందో, ఏ మందుకు జరిగిందో రెండు ముక్కలు రాసి ఉంటే ఇంత దూరం రాదు.

ఆసుపత్రులను నేను అడిగేది చిన్నదే. మందుల స్క్రీన్‌లో ‘వాడుతున్నారా, లేదా’ అన్న గడి పక్కన ‘ఎందుకు’ అన్న గడి కూడా పెట్టి, అది నింపకుండా ముందుకు పోనివ్వకండి. కోడింగ్ కంపెనీలు కూడా ఇలాంటి క్వెరీకి పట్టే సమయాన్ని టార్గెట్‌లోంచి మినహాయించాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. 2021 ఏప్రిల్ నుంచి డాక్టర్ రాసిన నోట్స్‌ను రోగి ఆన్‌లైన్‌లో చూసుకునే వీలు కల్పించారు. అమ్మానాన్నల చార్టులో ‘నాన్ కంప్లయంట్’ అని కనిపిస్తే వదిలేయకండి. మందు ఖరీదు భరించలేక ఆపితే ఆ మాట చేర్చమని రాతపూర్వకంగా అడగండి. రికార్డు సవరించమని కోరే హక్కు రోగికి హిపా అనే అక్కడి వైద్య సమాచార గోప్యతా చట్టం ఇచ్చింది. ఆసుపత్రి ఒప్పుకోకపోవచ్చు. కానీ 60 రోజుల్లో, అవసరమైతే మరో 30 రోజులు గడువు తీసుకుని, తేల్చి చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో రాసివ్వాలి.

ఇట్లు,
ఒక మెడికల్ కోడర్