విషయం: మూడుసార్లు 'పరిష్కారమైన' నా షాకబ్జర్ ఫిర్యాదు

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

నిన్న సాయంత్రం మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. 'మీ ఫిర్యాదు పరిష్కారమైనందుకు సంతోషిస్తున్నాం. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని. అది వచ్చేసరికి మీరు పరిష్కరించిన షాకబ్జర్ మా ఇంటి అరుగు మీద, పాత పేపర్ పరిచిన చోట, నూనె కారుస్తూ పడుకుని ఉంది. నిన్నటికి దాని కింద మూడో పేపర్ మార్చాం.

ఇలా పరిష్కారమవడం మూడోసారి. మొదటిసారి నవంబరు 28న, రెండోసారి డిసెంబరు 13న, ఇప్పుడు జనవరి 5న. ముట్టుకోకుండానే మూడుసార్లు బాగైన వస్తువు ఇదొక్కటేనని మా జీపు స్టాండులో అందరికీ చూపిస్తున్నాను.

నాది చింతపల్లి పక్కన చిన్న కాఫీ తోట. 1998 మోడల్ జిప్సీ జీపు ఒకటి ఉంది, 2009లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. పండు కోత మొదలైతే తోటకీ ఊరికీ మధ్య తిరిగేది అదే. ఊళ్లో ఎవరికైనా అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి వెళ్లేదీ అదే. పోయిన వానాకాలం నుంచి లంబసింగి ఘాట్‌లో గుంత తగిలితే చాలు, నాలుగైదుసార్లు ఊగి గానీ నిలబడేది కాదు. నర్సీపట్నంలో మా మెకానిక్ బాబాయి వెనక మూల మీద చెయ్యేసి గట్టిగా నొక్కి వదిలాడు. బండి తొట్టిలో పాపలా ఊగుతూనే ఉంది. 'ఒక్క ఊపుకి ఆగాలిరా, నాలుగూ పోయాయి' అన్నాడు.

ఏవి వేయించాలన్న దానిమీద ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. మా అబ్బాయి గ్యాస్ నింపినవి వేయించమన్నాడు. బాబాయి మామూలు ఆయిల్‌వి చాలన్నాడు. చివరికి గ్యాస్‌వే అనుకున్నాం. మీ కంపెనీవే కావాలని పట్టుబట్టింది నేను. ఎందుకంటే, మా నాన్న స్కూటర్‌కి మీ షాకులే ఉండేవి. ఈ జీపుకి ఇంతకు ముందు వేయించినవీ మీవే, 11 ఏళ్లు పనిచేశాయి. ఈ రోడ్ల మీద 11 ఏళ్లంటే మాటలు కాదు, ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. 'ఆ కంపెనీ వాళ్లు మాట మీద నిలబడతారు' అని బాబాయితో అన్నాను. ఇప్పుడు ఆయన రోజూ ఫోన్ చేసి 'ఏరా, నిలబడ్డారా?' అని అడుగుతున్నాడు.

ఆర్డర్ పెట్టే ముందు మీకే ఫోన్ చేసి ఒక సంగతి దాచకుండా చెప్పాను. వెనక కమాన్లకి, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టాల కట్టలకి, ఒక పట్టా అదనంగా వేయించాం, దాంతో బండి ఒక అంగుళం లేచింది, మామూలు పొడుగు షాకులు సరిపోతాయా అని. పూర్తిగా ముడిచినప్పుడెంత, పూర్తిగా లాగినప్పుడెంత అని కొలతలు కూడా అడిగాను. పొడుగు చాలకపోతే గుంతలో చక్రం కిందికి దిగినప్పుడు షాకు చివరంటా సాగి తెగుతుందన్నది మా బాబాయి భయం. మీ మనిషి కొలతలేవీ చెప్పలేదు. 'అన్నీ ఫిట్ అవుతాయి సార్, ఈ రోజు ఆర్డర్ పెడితే 10 శాతం తగ్గింపు' అన్నాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

నవంబరు 21న పెట్టె వచ్చింది. 23న షెడ్డులో పని మొదలెట్టాం. పాత నట్లు తుప్పు పట్టి కదలకపోతే రాత్రంతా డీజిల్‌లో నాననిచ్చి తెల్లారి విప్పాం. కొత్త షాకుని బండికి ఎక్కించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు నొక్కి లాగాలి, లోపల గాలి ఉంటే పోతుంది. ముందు రెండూ బాగున్నాయి, నొక్కి వదిలితే వాటంతటవే నెమ్మదిగా లేచాయి. వెనకవాటిలో ఒకటీ అంతే. నాలుగోది మాత్రం లోపలికి పోయి అక్కడే ఉండిపోయింది. లాగితే ఏ బిగువూ లేకుండా సైకిల్ పంపులా వచ్చేసింది. కడ్డీ చుట్టూ సీలు దగ్గర తడి. బాబాయి వేలితో తుడిచి చూపించి, 'ఇది పెట్టెలోనే చచ్చిందిరా' అన్నాడు.

పోనీ అనుకున్నాను. వస్తువన్నాక వందలో ఒకటి చెడిపోతుంది, దానికి ఎవరినీ తప్పు పట్టను. మీరు నమ్మినా నమ్మకపోయినా ఆ రోజు నాకు కోపం రాలేదు. ముందువి రెండూ బిగించి, ఒకే ఇరుసుకి ఒకవైపు కొత్తది ఒకవైపు పాతది వేయకూడదు కాబట్టి వెనకకి పాతవే మళ్లీ ఎక్కించుకుని ఇంటికి వచ్చేశాం. మర్నాడు మీకు ఫోన్ చేశాను. అక్కణ్నుంచి మొదలైంది అసలు ఘాట్ రోడ్డు.

తెలుగు కోసం 4 నొక్కమన్నారు. నొక్కాను. 11 నిమిషాలు పాట వినిపించి హిందీ ఆయన్ని ఇచ్చారు. నాకొచ్చిన హిందీలో చెప్పుకొచ్చాను. బండి ఏదని అడిగాడు. జిప్సీ అన్నాను. లిస్టులో లేదన్నాడు. అమ్మేటప్పుడు మీ వెబ్‌సైట్‌లో ఉన్న బండి, ఫిర్యాదు చేసేటప్పుడు ఎక్కడికి పోయిందో! 'దగ్గరగా ఉన్నది ఏదో ఒకటి పెడతాను సార్' అని ఏదో చిన్న కారు పేరు పెట్టాడు.

రెండు రోజులకి 'టెక్నికల్ టీమ్' నుంచి ఫోన్. 'మీ కాయిల్ స్ప్రింగ్ ఎలా ఉంది సార్?' బాబూ, నా బండికి కాయిల్ స్ప్రింగ్ లేదు, నాలుగు పక్కలా కమాన్ పట్టాలే అన్నాను. 'ఉంటుంది సార్, ఒకసారి కిందకి వంగి చూడండి' అన్నాడు. పదహారేళ్లుగా ఆ బండి కింద దూరి లేస్తున్న మనిషిని. అయినా చెప్పాడు కదా అని మళ్లీ దూరి చూశాను. లేదు. నవంబరు 28న ఫిర్యాదు మూసేశారు. కారణం: 'సంబంధిత భాగం వాహనంలో లేదు'. ఆ మెసేజ్‌ని ఫ్రేము కట్టించాలని ఉంది.

రెండోసారి ఫిర్యాదు పెడితే పెట్టె విప్పుతున్నప్పటి వీడియో పంపమన్నారు. పెళ్లికైనా మా ఇంట్లో వీడియో తీయలేదండీ, షాకబ్జర్ పెట్టెకి తీస్తామా? సరే, చచ్చిన షాకుదీ బతికున్న షాకుదీ పక్కపక్కన పెట్టి, నొక్కి చూపిస్తూ వీడియో తీశాను. మా ఊళ్లో సిగ్నల్ ఉండదు. రోడ్డు మీదకి ఎక్కి, చలిలో ముప్పావుగంట నిలబడి పంపాను. 'ఫైల్ పెద్దదిగా ఉంది' అని తిరిగొచ్చింది.

తర్వాతి ఆయన దగ్గర్లోని డీలర్ దగ్గరకి తీసుకెళ్లమన్నాడు. ఎక్కడని అడిగితే మల్కన్‌గిరి అన్నాడు. పక్షికైతే అది మాకు విశాఖ కంటే దగ్గరే, కాదనను. మనుషులకి మధ్యలో కొండలూ సీలేరూ అడ్డం వస్తాయి. అదేంటని అడిగితే, 'మీ జిల్లా మా సిస్టమ్‌లో లేదు సార్, పిన్ కోడ్ విశాఖపట్నం అంటోంది, మీరేమో వేరే పేరు చెబుతున్నారు' అని నన్నే అనుమానించాడు. అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఇంగ్లీషువాళ్ల కాలంలో మన్యంలో ఆయన ఎక్కడున్నాడో కనుక్కోవడం పోలీసులకి కష్టమయ్యేది. ఆయన జిల్లాని కనుక్కోవడం ఇప్పుడు మీకు కష్టంగా ఉన్నట్టుంది.

ఆ తర్వాత ఒక పెద్దాయన, సీనియర్ అట, ఇంటరాగేషన్ మొదలెట్టాడు. ఓవర్‌లోడ్ వేశారా? బండికి మార్పులు చేశారా? అదనపు పట్టా సంగతి చెప్పాను. దొరికిపోయినట్టు 'అదీ సంగతి, వారంటీ వర్తించదు' అన్నాడు. ఇందాక గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికి వచ్చింది. అన్నీ ఫిట్ అవుతాయన్నది మీవాళ్లే. పైగా ఆ షాకు ఒక్క గజం కూడా తిరగలేదు, బండికి ఎక్కనేలేదు. ఎక్కినా సరే, బరువు మోసేది కమాన్లు. షాకు పని ఊపుని అదుపు చేయడం. షాకులు అమ్మే కంపెనీకి ఈ ముక్క కాఫీ పండించేవాడు చెప్పాల్సి వచ్చింది. డిసెంబరు 13న మళ్లీ మూసేశారు. 'కస్టమర్ స్పందించడం లేదు' అట.

మీ అందరిలో ఒక్క అమ్మాయిని మాత్రం పొగడాలి. డిసెంబరు 20న మాట్లాడింది, తెలుగమ్మాయి. నేను చెప్పింది మొత్తం విని, 'సార్, నాకు అర్థమైంది. కానీ ఇది రాయడానికి నా స్క్రీన్ మీద చోటు లేదు' అంది. నెలన్నరలో నేను విన్న ఒకే ఒక్క నిజం అది. ఆ అమ్మాయి ఉద్యోగం తీసేయకండి. ఆమె పుణ్యాన పికప్ రాశారు. కొరియర్ మనిషి డిసెంబరు 30న వస్తాడన్నారు. కోత మనుషులు పన్నెండు మంది తోటలో ఉంటే నేను వాళ్లని వదిలేసి రోజంతా అరుగు మీద కూర్చున్నాను, పక్కన షాకుని పెట్టుకుని. సాయంత్రం మెసేజ్: 'మా ప్రతినిధి వచ్చారు, మీరు ఇంట్లో లేరు'. మా ఊళ్లోకి కొత్త మనిషి వస్తే కుక్కలు మూడు వీధులు లేపుతాయి. ఆ రోజు ఒక్క కుక్కా అరవలేదు.

నాకు కావాల్సింది ఒక వెనక షాకు. జత పంపితే ఇంకా మంచిది, రెండోదానికి డబ్బులు అడిగినా ఇస్తాను. నవంబరులో అయితే ఇంతటితో ఆపేసేవాణ్ని. ఇప్పుడు అలా కాదు. ఆ మూడు 'పరిష్కారాలు' ఎవరు చేశారో, ఏం చేశారో రాతపూర్వకంగా చెప్పాలి. పెట్రోలు ఖర్చు, షెడ్డులో రెండోసారి పడబోయే కూలీ, డిసెంబరు 30న నా రోజు, వీటన్నిటి లెక్క విడిగా జత చేశాను.

సంక్రాంతి వరకు చూస్తాను. ఆపైన జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా పాటే వినిపిస్తే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 చట్టం ప్రకారం నేను ఉన్న చోటే కేసు వేయవచ్చు, 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు. మా స్టాండులో పాత జీపులు పద్నాలుగు ఉన్నాయి. ఈ చలికాలం లంబసింగి టూరిస్టులతో అన్నిటి షాకులూ అరిగే ఉంటాయి. ఏ కంపెనీవి వేయించాలని అందరూ నన్నే అడుగుతారు. నేను నోటితో ఏమీ చెప్పను, అరుగు మీదున్నది చూపిస్తాను.

ఇట్లు,
ఇంకా మీ వినియోగదారుడే అయిన,
ఒక జిప్సీ యజమాని
చింతపల్లి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా
జనవరి 6

తా.క. జవాబు ఫోన్‌లో వద్దు, పోస్టులో పంపండి. మా పోస్ట్‌మాన్‌కి మా ఇల్లు తెలుసు. జిల్లా పేరు కూడా తెలుసు.