మా మేనేజర్ పక్కూరికి వెళ్ళిపోయాడురా

మిల్వాకీ, అమెరికా, నవంబర్ 2025

ఒరేయ్ సూరీ,

ఎలా ఉన్నావు? అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందా? మా ఊరి బేస్‌బాల్ జట్టు మిల్వాకీ బ్రూవర్స్ మేనేజర్ రెండేళ్ళ క్రితం వెళ్ళిపోయిన సంగతి చెబితే, మొన్న ఫోన్‌లో నువ్వు ఒక మాట అన్నావు. "ఆటగాడు వెళ్ళిపోతే ఏడుస్తారు గానీ, కోచ్ పోతే ఊరంతా ఏడవడమేమిట్రా" అని. అప్పుడే నా మీటింగ్ మొదలై తప్పించుకున్నాను. ఇవాళ ఆదివారం. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పివాకీ గుడికి వెళ్ళింది. తీరిగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని కూర్చో.

ముందు నీ అనుమానం తీరుస్తా. క్రికెట్‌లో బౌలర్ని మార్చేది, ఫీల్డింగ్ సర్దేది గ్రౌండ్‌లో ఉన్న కెప్టెన్. బేస్‌బాల్‌లో ఆ పనంతా డగౌట్‌లో, అంటే గ్రౌండ్ పక్కన జట్టు కూర్చునే చోట ఉన్న మేనేజర్‌దే. ఆయనా ఆటగాళ్ళ యూనిఫామే వేసుకుంటాడు. బంతి విసిరే పిచర్లలో ఎవర్ని ఎప్పుడు ఆపాలి, ఎవరి బదులు ఎవరు బ్యాటింగ్‌కి దిగాలి, అన్నీ ఆయనే తేల్చాలి. ఒకసారి బయటికి పిలిచినవాణ్ణి మళ్ళీ ఆ ఆటలో దింపడానికి లేదు. పైగా సీజన్‌కి 162 ఆటలు, దాదాపు రోజుకొకటి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా సాయంత్రం టీవీ పెడితే ఆయన మొహమే. సొంత మేనమామ కన్నా ఎక్కువ చూస్తాం.

ఆ మొహం మాకు క్రెయిగ్ కౌన్సెల్‌ది. మిల్వాకీ పక్కనే ఉన్న వైట్‌ఫిష్ బేలో పెరిగాడు. వాళ్ళ నాన్న బ్రూవర్స్ ఆఫీసులోనే పనిచేశారు, కాబట్టి కుర్రాడు స్టేడియంలోనే ఆడుకుంటూ పెద్దవాడయ్యాడు. ఆటగాడిగా బ్యాట్‌ని తలపైన గొడుగులా ఎత్తి పట్టుకునేవాడు. ఇక్కడి పిల్లలంతా దాన్ని అనుకరించినవాళ్ళే. 1997 వరల్డ్ సిరీస్ (ఛాంపియన్ని తేల్చే ఆఖరి సిరీస్) ఏడో ఆటలో ఫ్లోరిడా మార్లిన్స్ తరఫున గెలుపు పరుగు తీసింది ఇతనే. 2015లో మా మేనేజరయ్యాక 707 ఆటలు గెలిపించాడు, జట్టు చరిత్రలో మేనేజర్లందరిలో ఇదే ఎక్కువ. చిన్న ఊరు, తక్కువ బడ్జెట్ జట్టు. అయినా ఆఖరి ఆరేళ్ళలో అయిదుసార్లు ప్లేఆఫ్స్‌కి, అంటే సీజన్ అయ్యాక జరిగే నాకౌట్ పోటీలకి వెళ్ళాం.

2023లో కాంట్రాక్టు అయిపోయింది. న్యూయార్క్ మెట్స్ పిలుస్తోందని అందరూ అనుకుంటున్నారు. సరే, పెద్ద ఊరు, పెద్ద డబ్బు, పోనీలే అని మనసు గట్టి చేసుకున్నాం. నవంబర్ 6న ఆఫీసులో ఉండగా మా బావమరిది నుంచి వాట్సాప్ మెసేజ్. వాడు షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాడు, షికాగో కబ్స్ జట్టంటే పిచ్చి. మెసేజ్‌లో ఒక్క మాట లేదు, నవ్వే బొమ్మలు పన్నెండు. లెక్కపెట్టాను. ఇదేం గోల అనుకుంటుండగా నా పక్క సీటు ఆవిడ "నో!" అని లేచి నిలబడింది. ముప్పై ఏళ్ళుగా బ్రూవర్స్ టికెట్లు కొంటున్న మనిషి. కౌన్సెల్ వెళ్ళింది మెట్స్‌కి కాదురా, కబ్స్‌కి. తొంభై మైళ్ళ దూరంలో, మా డివిజన్‌లోనే, అంటే మాతో నేరుగా పోటీపడే గుంపులోనే ఉన్న జట్టుకి! అయిదేళ్ళకి 40 మిలియన్ డాలర్ల పైమాటే, మన లెక్కలో 330 కోట్లు. అప్పటికి ఏ మేనేజర్‌కీ అంత ఇవ్వలేదు.

కబ్స్ అంటే మాకెందుకంత మంట అంటావా? వాళ్ళ అభిమానులు వేసవిలో దండు కట్టుకుని వచ్చి మా స్టేడియం సగం నింపేస్తారు. మా ఇంట్లో మా టీవీ ముందు కూర్చుని, మా కాఫీ తాగుతూ, వాళ్ళ పాట పాడతారు. మా బావమరిది అచ్చంగా ఇదే చేస్తాడు.

మర్నాడు వైట్‌ఫిష్ బేలో పిల్లల గ్రౌండుకి ఉన్న కౌన్సెల్ పేరు బోర్డు మీద ఎవరో స్ప్రే పెయింట్‌తో బూతు మాట రాశారు. అది మాత్రం నాకు సిగ్గేసింది. పిల్లలు ఆడుకునే చోటు కదరా. పక్క సీటు ఆవిడ మాత్రం "మూడే అక్షరాలు రాశారు, చాలా మర్యాదస్తులు" అంది.

నీకు వార్నర్ గుర్తొచ్చి ఉంటాడు. 2022లో ఢిల్లీకి వెళ్ళి మన సన్‌రైజర్స్ మీదే 92 కొట్టి నాటౌట్‌గా నిలిచినప్పుడు నువ్వు చప్పట్లు కొట్టావు. కానీ వార్నర్ని మనవాళ్ళు వదిలేశారు. ఇక్కడ ఆయనే వెళ్ళాడు. అదే తేడా.

అటు షికాగోలో అంతా సంబరమే అనుకోకు. అప్పటిదాకా వాళ్ళ మేనేజర్ డేవిడ్ రాస్. 2016లో 108 ఏళ్ళ తర్వాత కబ్స్ వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టులో క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు), ఏడో ఆటలో హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టినవాడు. అప్పుడు ఆయన్ని భుజాల మీద మోశారు. ఆయన్ని తీసేస్తారన్న ఊహే ఎవరికీ లేదు. కుర్చీలో మనిషి ఉండగానే ఇంకొకరితో బేరం కుదుర్చుకుని, అదే రోజు ఆయన ఊరెళ్ళి చెప్పి వచ్చారు. "కౌన్సెల్ రావడం బానే ఉంది బావా, కానీ రాస్‌కి అలా చేయకుండా ఉండాల్సింది" అని మా బావమరిది రెండు రోజుల తర్వాత ఫోన్లో గొణిగాడు. వాడి నోట ఆ మాట విన్నాక నాకు కోపం కొంచెం దిగింది.

ఇంక మా కుర్చీలోకి ఎవరొచ్చారో చెప్పనా? పాట్ మర్ఫీ. కౌన్సెల్‌కి నోటర్ డేమ్ కాలేజీలో కోచ్, ఇక్కడ ఎనిమిదేళ్ళు కౌన్సెల్ పక్కనే బెంచ్ కోచ్, అంటే మేనేజర్‌కి కుడిభుజం. గురువు శిష్యుడి కింద పనిచేశాడన్నమాట. అప్పటికి 65 దగ్గరపడుతోంది, 2020లో గుండెపోటు కూడా వచ్చింది. నేనేమన్నానో తెలుసా? "డబ్బు మిగుల్చుకోవడానికి ఉన్నాయన్నే కూర్చోబెట్టారు" అన్నాను. ఆఫీసులో గట్టిగా, నలుగురిలో. 2024 ఫిబ్రవరిలో మా బెస్ట్ పిచర్ కార్బిన్ బర్న్స్‌ని కూడా పంపించేశారు. ఇంకేముంది, సర్దుకోవడమే అనుకున్నాం.

ఆ ఏడాది మే 27న కౌన్సెల్ మొదటిసారి కబ్స్ నీలం చొక్కాలో మా ఊరొచ్చాడు. బావమరిదీ నేనూ వెళ్ళాం. పార్కింగ్‌లో మామూలుగా సాసేజ్‌లు కాలుస్తారు, మేం మసాలా పట్టించిన చికెన్ పెట్టాం. కబ్స్ చొక్కా వేసుకున్న పక్కవాళ్ళు కూడా ప్లేట్లు పట్టుకుని వచ్చేశారు. లోపల ఆయన పేరు వినపడగానే బూ... అని మొదలైంది. పెద్ద పైకప్పున్న స్టేడియం కదా, ఆ మోత ఛాతీలో తగిలింది. నా ముందు వరసలో ఒక ముసలాయన బూ అనలేదు, చప్పట్లూ కొట్టలేదు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను? నేను అరిచానురా. మూడుసార్లు. నాలుగోసారి గొంతు రాలేదు. ఆ ఆట మేమే గెలిచాం.

సీజన్ ముగిసేసరికి మర్ఫీ 93 గెలిపించాడు. కబ్స్ 83. రాస్ ఆఖరి ఏడాదీ వాళ్ళవి సరిగ్గా 83 గెలుపులే! ఆ అంకె ఒక్కటే టైప్ చేసి బావమరిదికి పంపాను, బొమ్మలేం లేకుండా. 2024కీ, మళ్ళీ ఈ ఏడాదికీ మా జట్టు ఆడే నేషనల్ లీగ్ బెస్ట్ మేనేజర్ అవార్డు మర్ఫీదే. కౌన్సెల్‌కి మా దగ్గర ఉండగా అది ఒక్కసారీ రాలేదు. ఈ మర్ఫీ టీవీ వాళ్ళతో లైవ్‌లో మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులోంచి పాన్‌కేక్ తీసి కొరికిన మనిషి. జేబులో అట్టు పెట్టుకు తిరిగే పెద్దాయన్ని నేను నలుగురిలో తీసిపారేశాను.

ఈ అక్టోబర్‌లో ప్లేఆఫ్స్‌లో రెండు జట్లూ ఎదురుపడ్డాయి. మొదటి నాలుగు ఆటల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళే గెలిచారు. అయిదోది మా ఊళ్ళో, శనివారం రాత్రి. టికెట్లు దొరక్క మా ఇంట్లోనే చూశాం. 3-1తో మేం గెలిచాం. బావమరిది పెరుగన్నం కూడా తినకుండా పడుకున్నాడు. మా ఆవిడ నన్ను చూసిన చూపుకి నేను చప్పట్లు ఆపేశాను. తర్వాతి రౌండ్‌లో లాస్ ఏంజెలెస్ జట్టు డాడ్జర్స్ మమ్మల్ని నాలుగుకి నాలుగూ ఓడించారనుకో, అది ఇంకో ఉత్తరం.

మేలో వస్తానన్నావుగా? కబ్స్‌తో ఆట ఉన్న రోజు చూసి టికెట్లు తీస్తాను. బావమరిదీ వస్తాడు. వచ్చేటప్పుడు మీ అమ్మగారి గోంగూర పచ్చడి ఒక సీసా తీసుకురా, పార్కింగ్‌లో పనికొస్తుంది. స్వెటర్ మర్చిపోకు. మేలో కూడా ఇక్కడ సాయంత్రం వణికిస్తుంది.

నీ,
మూర్తి