గుట్టు వేరు, రహస్యం వేరు

సంపాదకులకు,

అయ్యా,

చిన్న పట్టణంలో ఒక కుటుంబం ఏళ్ల తరబడి దాచుకున్న సంగతిని కథావస్తువుగా తీసుకొని, పేరున్న తారలెవరూ లేకుండా తీసిన తెలుగు చిత్రంపై గత శనివారం మీ బెంగళూరు సంచికలో వచ్చిన సమీక్ష చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. అసలు సంగతి విరామానికి ముందే తెలిసిపోతుందనీ, అందుచేత ఉత్కంఠ కొరవడిందనీ మీ సమీక్షకులు తేల్చారు. మారతహళ్లిలో ఆదివారం ఉదయం ఆట చూసి వచ్చిన నాకు ఆ తీర్పు అన్యాయంగా తోచింది.

ఎవరికీ తెలియనిది రహస్యం. అందరికీ తెలిసినా ఎవరూ పైకి అననిది గుట్టు. నేను హిందూపురంలో పుట్టి పెరిగాను. మా వీధిలో ఒక ఇంటి ఆడపిల్లకు అంతకుముందే పెళ్లయి చెడిందని అందరికీ తెలుసు. అయినా కొత్త సంబంధం వాళ్లు విచారించుకోవడానికి వచ్చినప్పుడు, మా అమ్మతో సహా, ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ మౌనంలో దయ ఎంతో, మోసం ఎంతో నేను ఈనాటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఈ చిత్రం పట్టుకున్నది ఆ మౌనాన్నే. కొళాయి దగ్గర మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు, కథానాయిక బిందెతో రావడం చూసి మాటను టమాటాల ధర మీదికి మళ్లించే ఆ ఒక్క సన్నివేశంలో, ఆమె గురించి ఊరికి ఎంత తెలుసో, ఊరికి తెలుసన్న సంగతి ఆమెకూ ఎంతకాలంగా తెలుసో మనకు అర్థమవుతుంది.

ఇది మనకు కొత్త కాదు. బి. నర్సింగరావు గారి 'దాసి' (1988)లో దొర గడిలో, అంటే అతని భవంతిలో, దాసిగా ఉన్న కమలాక్షికి జరిగే అన్యాయం ఆ గోడల లోపలి వారికి తెలియనిది కాదు. ఆ చిత్రానికి, అర్చన గారికి ఉత్తమ నటి పురస్కారంతో సహా, ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి.

సమీక్ష చదివి మా అపార్ట్‌మెంటులోని రెండు తెలుగు కుటుంబాలు ఈ చిత్రానికి వెళ్లడం మానుకున్నాయి. గురువారంతో ఉన్న ఒక్క ఆటనూ తీసేశారు. ఈ చిత్రం ఓటీటీలోకి వచ్చినప్పుడైనా, చిన్న ఊళ్ల జీవితం ఎరిగిన వారి చేత దీని గురించి మరొకసారి రాయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బెంగళూరు