రౌలీ ట్రిప్‌కు సీట్లు తీసుకున్నవారికి కొన్ని సంగతులు

ఈ వేసవి కాల్గరీ నుంచి మా వ్యాన్‌లో, కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో ఉన్న రౌలీ అనే చిన్న ఊరికి వస్తున్నవారిలో చాలామంది రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. ఆ ఊళ్లో ఎంతమంది ఉన్నారు? వాన పడితే ట్రిప్ ఎందుకు రద్దు చేస్తారు? మా ట్రిప్ కరపత్రంలో జనాభా అంకె వేయలేదు, ‘ఘోస్ట్ టౌన్’ (జనం వదిలేసిన ఊరు) అనీ రాయలేదు. కావాలనే రాయలేదు.

రౌలీ డ్రమ్‌హెల్లర్ పట్టణానికి ఉత్తరాన సుమారు 40 కి.మీ.లో, స్టార్‌లాండ్ కౌంటీలో ఉంది. దానికి సొంత మేయరు, కౌన్సిలు లేవు. మన దగ్గర పంచాయతీ కింద శివారు గ్రామం ఎలాగో ఇక్కడ కౌంటీ కింద హామ్లెట్ అలాగ. 1920లలో సుమారు 500 మంది ఉండేవారని చెబుతారు. ఇప్పుడు పదిమంది, అటూ ఇటూ. ఇంత చిన్న ఊళ్లో నలుగురున్న ఒక్క కుటుంబం ఇల్లు మారితే చాలు, జనాభా 40 శాతం పడిపోయినట్టు కనిపిస్తుంది. పైగా చుట్టూ పొలాల్లో ఉంటూ రౌలీని తమ ఊరనుకునేవాళ్లు హామ్లెట్ లెక్కలోకి రారు, కౌంటీ లెక్కలోకి వెళ్తారు. అందుకే ఒక్క అంకె వేసి ‘చచ్చిపోయిన ఊరు’ అనడం మాకు ఇష్టం లేదు. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి నెలాఖరు శనివారాల్లో పిజ్జా అమ్మి, ఆ డబ్బుతో పాత కట్టడాలను నిలబెట్టుకున్నారు.

ఊరు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎందుకు తగ్గిందో తెలుస్తుంది. కెనడా 1872 భూముల చట్టం ప్రకారం 10 డాలర్లు కట్టి 160 ఎకరాలు తీసుకోగలిగేవారు. ఇల్లు కట్టి, నేల దున్ని, మూడేళ్లు నిలిస్తే పట్టా వచ్చేది. అలా వచ్చిన రైతు గోధుమలను గుర్రపుబండిలో వేసుకెళ్లి పొద్దు వాలేలోగా ఇంటికి చేరాలి. కాబట్టి రైలుమార్గం మీద పది పదిహేను కిలోమీటర్లకొక స్టేషను పడింది: మన్‌సన్, మోరిన్, రౌలీ, రమ్సీ, బిగ్ వ్యాలీ. లారీలు వచ్చాక ఆ దూరాలకు అర్థం పోయింది. పొలాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. అల్బర్టాలో 1941లో 99,732 పొలాలుంటే 2021కి 41,505 మిగిలాయి. ధాన్యానికి 1897 నుంచి నడిచిన చౌక రైలు ఛార్జీల ఏర్పాటు 1995లో ముగియడంతో చిన్న రైలు లైన్లకు చివరి ఆసరా కూడా పోయింది.

అక్కడ తప్పక చూడాల్సినవి వరసగా నిలబడ్డ మూడు చెక్క ఎలివేటర్లు, అంటే ధాన్యం ఎత్తి నిల్వచేసే ఎత్తైన గోదాములు. గోడ దగ్గరికెళ్లి చూడండి. బయటికి కనబడే పలకలు పైతొడుగు మాత్రమే. లోపలి అసలు గోడ 2×6, 2×8 అంగుళాల చెక్కలను పడుకోబెట్టి, ఒకదానిపై ఒకటి మేకులు కొట్టి పేర్చింది. నిండా గింజ పోస్తే పక్కలకు తోసే బరువును అలాంటి గోడే ఆపగలదు. బండిని కాటా మీద తూచి, గింజను కింద గోతిలో పోస్తే, బకెట్ల బెల్టు పైకి ఎత్తి గదుల్లోకి వదిలేది. ఆ గోతి వల్లే ఎవరినీ లోపలికి పంపం. కప్పు కారితే నీళ్లు దిగేది అక్కడికే, నేలచెక్క మొదట కుళ్లేదీ అక్కడే. పావురాల రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇక వాన సంగతి. మనం తిరిగే పొలాల దారుల్లో బంకమట్టి ఉంది. తడిస్తే చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య గట్టిగా పట్టేసి బండిని కదలనివ్వదు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా అంతే. పైగా మన చక్రాలు చేసిన గాడులు ఆరాక రైతు ట్రాక్టరుకు ఇబ్బంది. ట్రిప్ రద్దయితే ముందురోజు సాయంత్రం 6 గంటలలోగా వాట్సాప్‌లో చెప్పి, డబ్బంతా వాపసు ఇస్తాం.

వ్యాన్‌లో 14 సీట్లున్నా 10 మందినే తీసుకెళ్తాం. అంత చిన్న ఊరి మీద గుంపుగా పడటం బాగోదు. దీనివల్ల టికెట్టు ధర తగ్గించలేకపోతున్నాం. పెట్రోలు, బాత్రూము, నీళ్లు అన్నీ డ్రమ్‌హెల్లర్‌లోనే చూసుకుంటాం. పులిహోర డబ్బాలు తెచ్చుకోండి, చెత్త తిరిగి వ్యాన్‌లోకే రావాలి. ఇళ్ల ముందు ఫొటోలకు ఆ ఇంటివాళ్లను అడిగాకే ఫోను తీయండి.